శ్రమ దినాలలో దేనిని విడిచిపెట్టాలి?

2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తున్నాయి. బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను తీసివేస్తే మిగిలేవి 40. ఈస్టర్‌కు సిద్ధపడుతూ క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే ఈ కాలాన్నే శ్రమ దినాలు (లెంట్) అంటాం. ఈ 40 రోజులు దేనిని విడిచిపెట్టాలన్న ప్రశ్న దగ్గర చాలామంది విశ్వాసులు ఎక్కువసేపు ఆగరు. పోయిన ఏడు మాంసం మానేశారు కాబట్టి ఈ ఏడూ మాంసమే మానేస్తారు, లేదా తోటివారు తీపి మానేస్తున్నారని తామూ తీపే మానేస్తారు. నాకు మాత్రం ఈ ఎంపిక శ్రమ దినాల ఆచరణలో సగం పని అనిపిస్తుంది. నా హృదయం దేనిమీద ఆనుకొని బతుకుతున్నదో దేవుని ఎదుట తేల్చుకోకుండా దానిని సరిగా ఎంచుకోలేను. అందుచేత భస్మ బుధవారానికి కొన్ని రోజుల ముందే ఈ విషయాన్ని ప్రార్థనలో పెట్టడం అవసరమని నమ్ముతున్నాను.

పాపం ఈ ఎంపికలోకి రాదు. అబద్ధమాడటం, పగ పట్టడం, పరుల సొమ్ము ఆశించడం 40 రోజులు ఆపి తరువాత మళ్లీ మొదలుపెట్టేవి కావు. వాటిని విడిచిపెట్టమన్న ఆజ్ఞ ఏడాది పొడవునా ఉన్నదే. శ్రమ దినాలలో మనం పక్కన పెట్టేది మంచిదై ఉండాలి, దేవుడే ఇచ్చినదై ఉండాలి, అనుభవించే స్వేచ్ఛ మనకు ఉన్నదై ఉండాలి. అప్పుడే అది అర్పణ అవుతుంది. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో అరౌనా అనే అతడు తన కళ్లాన్నీ ఎడ్లనూ రాజైన దావీదుకు ఊరకే ఇస్తానంటాడు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి దహనబలిగా అర్పించనని చెప్పి, దావీదు 50 తులాల వెండి ఇచ్చి కొంటాడు. సినిమాలు చూసే అలవాటే లేని మనిషి సినిమాలు మానేశానని చెప్పడంలో ఆ వెల లేదు. అలాగని అన్నిటికన్నా కష్టమైనదే అన్నిటికన్నా మంచి ఎంపిక అని కూడా నేను అనను. కష్టాన్ని మాత్రమే కొలిచేవారి చూపు త్వరలోనే దేవుని మీద నుంచి తమ పట్టుదల మీదికి మళ్లుతుంది.

మరి సరైనదాన్ని కనుక్కోవడమెలా? కొన్నాళ్లు మన చేతిని మనమే గమనించడం కన్నా మంచి మార్గం నాకు దొరకలేదు. అలసిపోయినప్పుడు అది దేనివైపు పోతుంది? దిగులుగా ఉన్నప్పుడు, ఎవరైనా మాట అన్నప్పుడు, గదిలో ఒంటరిగా మిగిలినప్పుడు మొదట దేనిని వెతుకుతుంది? ఒకరికి అది తిండి కావచ్చు, మరొకరికి ఫోన్, ఇంకొకరికి కొనుగోళ్లు. పని కూడా కావచ్చు. ఖాళీగా కూర్చుంటే మనసులో పైకి తేలే వాటికి భయపడి ఎప్పుడూ ఏదో ఒక పని పెట్టుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. ఆ వస్తువులో తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ ప్రార్థన ఉండవలసిన చోట అది కూర్చొని ఉంది. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు అరణ్యయాత్రను గుర్తు చేస్తూ, వారి హృదయంలో ఏముందో తెలుసుకోవడానికే దేవుడు వారిని ఆకలిగొననిచ్చాడని చెబుతాడు. మనుష్యుడు రొట్టెవలన మాత్రమే బ్రదకడన్న మాట వచ్చేది అక్కడే. 40 రోజుల ఉపవాసం తరువాత ఆకలిగొన్న యేసు శోధకుడైన సాతానుకు ఇచ్చిన మొదటి జవాబు కూడా అదే వచనం. ఆకలి మనలో లేనిదాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది. అలా బయటపెట్టగల దానిని ఎంచుకుంటేనే ఈ 40 రోజులకు అర్థం ఉంటుంది.

విడిచిపెట్టినదాని స్థానంలోకి ఏది వస్తుందన్నది దీనికి మరో సగం. అనేక సంఘాలలో భస్మ బుధవారం నాడు చదివే మత్తయి 6వ అధ్యాయం ధర్మకార్యాన్నీ ప్రార్థననూ ఉపవాసాన్నీ ఒకదాని వెంట ఒకటిగా చెబుతుంది. మొదటి రెండింటినీ వదిలి మూడవదాన్ని ఒంటరిగా పాటిస్తే ఏమవుతుందో యెషయా 58వ అధ్యాయం కఠినంగానే చెప్పింది: ఉపవాసముండి కలహమాడేవారి ఉపవాసం దేవునికి అనుకూలమైనది కాదు, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం, దిక్కుమాలినవారిని ఇంట చేర్చుకోవడం, వస్త్రం లేనివానికి వస్త్రమివ్వడం ఆయన ఏర్పరచుకున్న ఉపవాసం. రెండవ శతాబ్దంలో రోము సంఘం నుంచి వచ్చిన ఒక రచన దీనిని ఇంకా స్పష్టంగా నేర్పింది. ఉపవాసమున్న రోజు తినకుండా మిగిల్చిన భోజనానికి ఎంత ఖర్చయ్యేదో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని విధవరాలికో అనాథకో అక్కరలో ఉన్నవారికో ఇవ్వమని అది చెబుతుంది. ఇంత సూటి అయిన సలహా నాకు ఈ విషయంలో మరొకటి కనబడలేదు. మిగిలిన డబ్బు మన దగ్గరే ఉండిపోతే అది పొదుపు అవుతుంది. పొదుపు మంచిదే, కానీ దానికి శ్రమ దినాలు అక్కరలేదు. కాలం విషయంలోనూ ఇంతే. ఫోన్ పక్కన పెట్టి మిగుల్చుకున్న గంట టీవీకి పోతే మనం వస్తువును మార్చామే గాని దేనినీ విడిచిపెట్టలేదు. అందుచేత ఎంపిక చేసుకునే రోజునే రెండింటినీ కలిపి నిర్ణయించుకోవాలంటాను: ఇది మానేస్తాను, దానివల్ల మిగిలేది ఫలానా వారికి చెందుతుంది.

మన త్యాగానికి వెల ఎవరు చెల్లిస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. నేను కాఫీ మానేసి రోజంతా విసుక్కుంటే నా ఉపవాసాన్ని మోస్తున్నది నా ఇంటివారు. నా నియమం కోసం వంట చేసేవారు రెండు రకాలుగా వండవలసి వస్తే, నా భక్తికి వారు చాకిరీ చేస్తున్నట్టే. ఐదవ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి ఐగుప్తు సన్యాసుల గురించి రాస్తూ, తమను చూడవచ్చిన అతిథుల కోసం ఉపవాసాన్ని ఆపి వారితో కూర్చొని భుజించిన ఒక పెద్దాయన సంగతి చెబుతాడు. ఉపవాసం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది, మీరు మాత్రం వెళ్లిపోతారు అన్నది ఆయన ఇచ్చిన కారణం. నియమాన్ని అంత ప్రేమతో పట్టుకున్నవాడే అంత ప్రేమతో సడలించగలడనిపిస్తుంది.

ఆరోగ్యం గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, వేళకు మందులు వేసుకోవలసినవారు, ఒకప్పుడు తిండి మానేసి తమను తాము బాధపెట్టుకున్న చరిత్ర ఉన్నవారు ఆహారం జోలికి పోకుండా మరొకటి ఎంచుకోవాలి. అది విశ్వాసంలో తక్కువతనం ఏమాత్రం కాదు. కతోలిక సంఘం సైతం భస్మ బుధవారం, శుభ శుక్రవారాల ఉపవాస నియమాన్ని 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు నిండేవరకే విధించింది. బరువు తగ్గడం కోసం తీపి మానేసి దానికి శ్రమ దినాల పేరు పెట్టడం మాత్రం నాకు సరికాదనిపిస్తుంది. శరీరాన్ని చూసుకోవడం తప్పు కాదు. దేవునికని చెప్పి మనకోసం చేసుకోవడం తప్పు.

ఇదంతా వాక్యంలో ఎక్కడుందని అడిగే సహోదరులు ఉన్నారు. వారి ప్రశ్నను నేను గౌరవిస్తాను. 1522లో జూరిక్ నగరంలో ముద్రాపకుడు క్రిస్టఫ్ ఫ్రోషావర్ ఇంట్లో మాంసం తినరాదన్న ఈ ఉపవాస దినాలలోనే కొందరు మాంసంతో చేసే సాసేజ్ తిన్నారు. అక్కడే ఉన్న సంఘ సంస్కర్త ఉల్రిక్ జ్వింగ్లీ తాను తినలేదు, కానీ తిన్నవారి పక్షాన నిలిచి, దేవుడు విధించని ఆహార నియమంతో విశ్వాసి మనస్సాక్షిని కట్టివేయరాదని బోధించాడు. రోమా పత్రిక 14వ అధ్యాయం చదివిన ఎవరూ ఆ మాటను తేలికగా తోసిపుచ్చలేరు. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు. అయితే బలవంతం పోయినంత మాత్రాన ఆచరణ పోనక్కరలేదు. ఆర్థడాక్స్ సంఘాలలో ఈ ఎంపిక అసలు వ్యక్తికి వదలరు. మాంసం, పాలపదార్థాలు, గుడ్లు అందరూ కలిసే విడిచిపెడతారు. దాన్ని చూస్తే నాకు కొంత ఆశ కలుగుతుంది, ఎందుకంటే అందరూ చేసేదాన్ని చూపి గొప్పలు చెప్పుకోవడం కష్టం, పైగా అక్కడ సొంత ఇష్టానికే ఉపవాసం పడుతుంది. ఎవరికి వారే ఎంచుకునే మనకు ఆ రక్షణ లేదు. మానేసేది కూడా మనకు నచ్చినదే అయిపోయే ప్రమాదం మనకుంది.

ఆరవ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాల కోసం రాసిన నియమావళిలో, 49వ అధ్యాయంలో, దీనికి ఒక మార్గం చూపాడు. ప్రతి సన్యాసీ ఈ దినాలలో తిండిలోనో, పానీయంలోనో, నిద్రలోనో, కబుర్లలోనో, పరిహాసంలోనో కొంత తగ్గించుకుని, పరిశుద్ధాత్మ ఇచ్చే ఆనందంతో దేవునికి స్వచ్ఛందంగా అర్పించాలి. ఈస్టర్ కోసం ఆత్మలో ఆశతో ఎదురుచూడాలి. అయితే తాను అర్పించదలచినదాన్ని ముందుగా మఠాధిపతికి చెప్పి ఆయన సమ్మతితో, ఆయన ప్రార్థనతో చేయాలి. చెప్పకుండా చేసింది అహంకారంగా, వ్యర్థమైన అతిశయంగా లెక్కకు వస్తుంది గాని ప్రతిఫలానికి రాదు. మనకు మఠాధిపతులు లేరు, కానీ పాస్టరు గారో, సంఘపెద్దో, మన బలహీనత ఎరిగిన ఒక స్నేహితుడో ఉంటారు. ఒక్కరికి చెప్పడం వేరు, అందరికీ ప్రకటించడం వేరు. మనుష్యులకు కనబడకుండా, తల అంటుకొని ముఖం కడుక్కొని ఉపవాసముండమన్న ప్రభువు మాటకు మొదటిది విరోధం కాదు.

ఆ మాటను బట్టే, ఈ సంవత్సరం నేను ఎంచుకున్నదాన్ని ఇక్కడ రాయను. ముగిసిపోయిన గత సంవత్సరపు సంగతి చెబుతాను, అది ఎవరికైనా ఉపయోగపడవచ్చు కనుక. అప్పట్లో దిగులు కలిగిన ప్రతిసారీ నా చేయి వార్తల కోసం ఫోన్ మీదికి పోవడం గమనించాను. లోకంలో బాధపడుతున్నవారి గురించి తెలుసుకోవడం ప్రేమే కదా, దానిని మానడమేమిటని చాలా ఆలోచించాను. నేను అనుకున్న నాలుగైదు నియమాలతో మా సంఘపెద్ద ఒకాయన దగ్గరికి వెళ్తే, ఆయన ఒక్కదాన్ని ఉంచి మిగతావన్నీ కొట్టివేశారు. ఉదయం ఒక్కసారి వార్తలు చదవండి, చదివినవారి కోసం వెంటనే ప్రార్థించండి, ఇక ఆ రోజుకు చాలించండి అన్నారు. మిగిలే సాయంకాలం ఎవరికిస్తారని కూడా అడిగారు. ఇల్లు కదలలేని ఇద్దరు వృద్ధులకు ఫోన్ చేయాలని, పశ్చాత్తాప కీర్తనలుగా సంఘం ఎంతోకాలంగా చదువుతున్న 6, 32, 38, 51, 102, 130, 143 కీర్తనలను వారంలో రోజుకొకటి చొప్పున చదవాలని నిర్ణయించుకున్నాం. మొదటి వారం భరించలేనంత వెలితిగా గడిచింది. తరువాత మెల్లగా, ఉదయం చదివిన ఒక్క వార్తలోని మనుషులు సాయంత్రం దాకా నాతో ఉండటం మొదలైంది. రోజంతా చదివిన రోజులలో అలా ఎవరూ నాతో ఉండలేదు.

ఆదివారాల్లో కూడా నియమం పాటించాలా అని కొందరికి సందేహం ఉంటుంది. ఆరవ శతాబ్దం చివర పోపు మహా గ్రెగరీ కాలంలో ఆరు వారాలలోంచి ఆదివారాలు తీసివేసి 36 ఉపవాస దినాలుగా లెక్కించేవారు. ఏడాదిలో దశమభాగం దేవునికి ఇస్తున్నామన్నది ఆయన వివరణ. భస్మ బుధవారం నుంచి శనివారం వరకు ఉన్న నాలుగు రోజులను తరువాతి కాలంలో వాటికి ముందు చేర్చగా 40 అయ్యాయి. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం లేదు. ఆహారాన్ని విడిచినవారు ఆదివారం కృతజ్ఞతతో తినడం మంచిదని నా అభిప్రాయం. ఫోన్ వంటి అలవాట్లను విడిచినవారికి మాత్రం ఒక్కరోజు సడలింపు సోమవారాన్ని మరీ కష్టం చేస్తుంది, కాబట్టి వారు ముందే ఆలోచించుకోవాలి. మధ్యలో నియమం తప్పితే మర్నాటి ఉదయం మళ్లీ అందుకోవడమే; తప్పినందుకు అదనపు శిక్ష వేసుకోవద్దు, ఇక అయిపోయిందని వదిలేయనూ వద్దు.

భస్మ బుధవారం నాటికి ఏమీ నిర్ణయించుకోలేకపోయినవారు రెండవ వారంలోనైనా, ఈస్టర్ ముందటి పరిశుద్ధ వారంలోనైనా మొదలుపెట్టవచ్చు. ప్రాచీన సంఘ బోధకుడైన యోహాను క్రిసోస్తమ్ పేరుతో ఆర్థడాక్స్ సంఘాలలో ప్రతి ఈస్టర్ రాత్రీ చదివే ఒక చిన్న ప్రసంగం ఉంది. ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని తీసుకొని, మొదటి గంట నుంచి పనిచేసినవారినీ పదకొండవ గంటకు వచ్చినవారినీ, ఉపవాసమున్నవారినీ ఉండనివారినీ అది ఒకే విందుకు పిలుస్తుంది.