లిఫ్టు తలుపులు మూసుకున్నాక

వైద్యుల మీద నాకు ఇంకా కోపం ఉంది. అందరి మీదా కాదు, ముఖ్యంగా ఒక్కరి మీద. ఆ సంగతికి వస్తాను. ముందు నా జబ్బు గురించి, మూసి ఉన్న చోట్లంటే పట్టుకునే విపరీతమైన భయం (ఫోబియా) గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని జబ్బనే అనుకోరు.

ఆఫీసు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, లైటు పోయింది. నాతో ఉన్న ఇద్దరూ ఫోను వెలుతురులో కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి లిఫ్టు కదిలింది, దిగిపోయాం. జరిగింది అంతే. వాళ్లు ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటారు. నేను మర్నాటి నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టాను, వ్యాయామం కోసమని అందరికీ చెప్పాను. తరువాత స్నానాల గదికి గడియ పెట్టుకోవడం మానేశాను. ఆ తరువాత ఏసీ బోగీ, కారులో వెనక సీటు, సినిమా హాల్లో వరస మధ్య కుర్చీ, ఇలా ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చాను. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం తెరిపిన పడేది. ఫోబియా పెరిగేదే ఆ తెరిపి వల్ల. లిఫ్టు ఎక్కనివాళ్లకు లిఫ్టులో ఏమీ కాదన్న సంగతి ఎప్పటికి తెలియాలి?

ఇక ఆ రాత్రి. మంచి నిద్రలో ఉండగా ఎవరో గొంతు నొక్కినట్టై లేచి కూర్చున్నాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. ముందు పెదవుల చుట్టూ తిమ్మిరి పట్టింది, తరువాత వేళ్లకు పాకింది, చూస్తుండగానే రెండు చేతులూ కొంకర్లు పోయాయి. బొటనవేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుపోయాయి, తెరుద్దామంటే రావడం లేదు. పక్షవాతమో గుండెపోటో తేల్చుకోలేకపోయాను కానీ తెల్లవారదని మాత్రం గట్టిగా అనిపించింది. “ఏమండీ, నేను పోతున్నాను” అన్నాను. మావారు కారు తీశారు. కారు తలుపు వేయగానే నేను తీశాను. ఆయన మళ్లీ వేశారు, నేను మళ్లీ తీశాను. చివరికి అద్దాలన్నీ దించి, ముందు సీట్లో నా తల కిటికీ బయట పెట్టించి తీసుకెళ్లారు.

ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడొచ్చారు డ్యూటీ డాక్టరు. కాగితం వంక చూస్తూనే, “మీకేమీ లేదమ్మా, ఊరికే ఊహించుకుంటున్నారు. నిజంగా జబ్బున్నవాళ్లు బయట ఎదురుచూస్తున్నారు, మంచం ఖాళీ చేయండి” అన్నారు. ముడుచుకుపోయిన నా చేతుల వంక చూడనైనా లేదు.

ఆ చేతులకు కారణం ఉంది. భయంలో వేగంగా, లోతుగా ఊపిరి పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దానితో తల తిరుగుతుంది, తిమ్మిర్లు పడతాయి, కండరాలు బిగుసుకుంటాయి. భయానికి ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను విజృంభణ కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి తరువాత తగ్గుముఖం పడుతుంది. ఉన్నట్టుండి ముంచెత్తే ఇలాంటి భయాన్నే పానిక్ అటాక్ అంటారు, అది నిద్రలోనూ రావచ్చు. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? “ఇది గుండె జబ్బు కాదు, కానీ జబ్బే, ఫలానా చోట చూపించుకోండి” అని ఉంటే ఆయన కాళ్లకు దండం పెట్టేదాన్ని. ఆ ఒక్క మాట లేక నెలల తరబడి నన్ను నేను దొంగ రోగినని తిట్టుకున్నాను.

మావారి గురించి ఏం రాయను? స్నానాల గది గడియ మరలు విప్పి తీసేసి, నేను బయటికి వచ్చేదాకా గుమ్మం దగ్గర కూర్చుని పేపరు పైకి చదివిన మనిషి. అదే మనిషి చుట్టాలందరికీ “కాస్త పని ఒత్తిడి” అని చెప్పుకుంటూ తిరిగారు. మొదటిదానికి రుణపడి ఉన్నాను, రెండోదాన్ని ఇంకా క్షమించలేదు. బావగారైతే “ధైర్యం ఉండాలమ్మా” అని సెలవిచ్చారు. ధైర్యం లేకపోతే రోజూ అన్ని అంతస్తులు మెట్లెక్కుతానా!

మా ఫిజీషియన్ మంచి ఆవిడ. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు, అది ఎక్కువైనా గుండెదడ, వణుకు ఇలాగే ఉంటాయట. అది కాదని తేలాక సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. రాత్రిపూట దాడులు తగ్గాయి, లిఫ్టు భయం అలాగే ఉంది.

హిప్నోథెరపీ, అంటే హిప్నాసిస్ (సమ్మోహన స్థితి) సాయంతో చేసే చికిత్స మాట అప్పుడే విన్నాను. మొదట వెళ్లిన మనిషికి వైద్యమూ రాదు, మనస్తత్వశాస్త్రమూ రాదు. కళ్లు మూయించి, కాసేపు ఏదో చెప్పి, పూర్వజన్మలో నన్ను సజీవంగా పాతిపెట్టారని తేల్చాడు. మరో పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టమన్నాడు. లేచి వచ్చేశాను. హిప్నాసిస్‌లో ఉన్నప్పుడు మనిషి కల్పనను జ్ఞాపకంగా నమ్మే ప్రమాదం ఎక్కువ. అందుకే అమెరికాలో చాలా న్యాయస్థానాలు అలా తవ్వితీసిన సాక్ష్యాన్ని నమ్మవు. అలాంటిది ఈయన నాకు ఒక జన్మంతా అంటగట్టబోయాడు.

రెండోసారి సైకియాట్రిస్టే ఒక క్లినికల్ సైకాలజిస్టు పేరు రాసిచ్చారు. ఆవిడ లోలకం ఊపలేదు. కాగితం ఇచ్చి, భయపెట్టేవాటిని వరసగా రాసి ఒక్కోదానికి సున్నా నుంచి వందదాకా మార్కులు వేయమన్నారు. లిఫ్టు బొమ్మ చూడటానికి 20, తెరిచిన లిఫ్టు ముందు నిలబడటానికి 45, ఒంటరిగా లోపల ఉండగా తలుపులు మూసుకోవడానికి 100. ఈ నిచ్చెన పద్ధతి జోసెఫ్ వోల్పీ అనే మనోవైద్యుడు 1950లలో రూపొందించినదట. రోగిని సేదతీర్చడానికి ఆయన కూడా హిప్నాసిస్‌ను వాడేవాడని చెప్పారు.

తరువాత గోడ మీద ఒక చుక్కను చూస్తూ ఉండమన్నారు. రెప్పలు బరువెక్కాయి. ఆవిడ అంకెలు లెక్కపెడుతున్నారు, ఒక్కో అంకెకు భుజాలు, దవడ, వేళ్లు వదులవుతున్నాయి. గడియారం టిక్కుటిక్కుమనడం వినిపిస్తోంది, బయట ఎవరో తలుపు వేయడమూ వినిపించింది. కళ్లు తెరిచాక నిరాశగా, “నేను నిద్రపోనేలేదండీ” అన్నాను. ఆవిడ నవ్వి, “నిద్రపోతే నా మాట ఎవరు వింటారు?” అన్నారు. తెలివిలోనే ఉంటాం, వద్దనుకుంటే లేచిపోవచ్చు. కాకపోతే ధ్యాసంతా ఒక్కచోట కుదురుకుంటుంది. కొందరికి తొందరగా కుదురుతుంది, కొందరికి అసలు కుదరదు. నేను మధ్యరకం.

ఆ స్థితిలో నన్ను ఊహలోనే లిఫ్టులోకి నడిపించారు. చల్లటి ఉక్కు గోడ, బొత్తాం కింద ఎర్ర దీపం, తలుపులు కలుసుకునే చప్పుడు. గుండె పరుగెత్తగానే చూపుడువేలు ఎత్తాలి. వెంటనే బొమ్మ చెరిపేసి, ఊపిరి నెమ్మదిగా వదిలిస్తూ మళ్లీ సేదతీర్చేవారు. బొటనవేలు, మధ్యవేలు కలిపి నొక్కితే ఒళ్లు వదులయ్యేట్టు అలవాటు చేశారు. ఒకప్పుడు కొంకర్లు పోయిన వేళ్లే అవి. కానీ మొదటి రోజే ఆవిడ స్పష్టంగా చెప్పారు: “హిప్నాసిస్ ఒక్కటే చాలదు. ఇక్కడ ఊహలో ఎక్కిన మెట్టు బయట కాళ్లతో ఎక్కాలి.” ఎక్కాను. మావారితో, తరువాత ఆయన బయట ఉండగా, తరువాత ఒంటరిగా. మధ్యలో ఒక వారం మళ్లీ మొదటికొచ్చి ఏడ్చాను, ఆవిడ ఆశ్చర్యపోలేదు.

బావగారు ఇదంతా గారడీ అన్నారు. చరిత్ర తిరగేశాను. హిప్నాసిస్‌కు ముందు రూపమైన వైద్యాన్ని మెస్మర్ అనే వైద్యుడు చేసేవాడు. 1784లో ఆ వైద్యాన్ని పరీక్షించడానికి ఫ్రెంచి రాజు వేసిన సంఘంలో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. మెస్మర్ చెప్పిన అయస్కాంత ద్రవం ఏదీ లేదని, జరిగేదంతా రోగి ఊహ వల్లేనని వాళ్లు తేల్చారు. 1955కు వచ్చేసరికి బ్రిటిష్ మెడికల్ అసోసియేషనే హిప్నాసిస్‌కు వైద్యంలో చోటుందని ఒప్పుకుంది. ఫ్రాంక్లిన్ బృందం మాట చదివాక మంచం ఖాళీ చేయమన్న డాక్టరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. “ఊరికే ఊహించుకుంటున్నారు” అట! వేళ్లు కొంకర్లు పోయేంత బలం ఊహకు ఉన్నప్పుడు దాన్ని ఊరికే అని ఎలా కొట్టిపారేస్తారు? నాకు నయం చేసిందీ సగం దానితోనే.

ఈమధ్య మోకాలి నొప్పికి ఎమ్మారై తీయాలన్నారు. నడుము దాకా గొట్టంలోకి పంపి, పిలవడానికి రబ్బరు బుడ్డి చేతిలో పెట్టారు. సుత్తితో కొట్టినట్టు ఒకటే మోత. రెండు వేళ్లూ నొక్కిపట్టి, ఊపిరి వదిలే కాలాన్ని పొడిగిస్తూ ఉండిపోయాను. భయం లేదంటే అబద్ధం, 40 దాకా వెళ్లింది. బుడ్డి మాత్రం నొక్కలేదు.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. ఛాతీలో నొప్పి వస్తే ముందు గుండెకే చూపించుకోండి, మీ అంతట మీరు పానిక్ అనుకోవద్దు. హిప్నాసిస్ చేస్తామన్నవారి చదువేమిటో, రోగులకు చికిత్స చేసే అర్హత ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినబడేవారికి, భ్రమలున్నవారికి ఇది పనికిరాదు, వాళ్లు సైకియాట్రిస్టునే చూడాలి.

నాకు తగ్గింది దేవుడి దయవల్లేనని అమ్మ అంటుంది, మాత్రలవల్లేనని మావారు అంటారు. నేను ఇద్దరితోనూ వాదించను, సైకాలజిస్టుకు మాత్రం ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పాను. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. పూర్తిగా మానేది ఎప్పుడో వచ్చే నెల చూపించుకున్నప్పుడు తేలుతుంది.