హెసరఘట్ట దారిలో రెండు గుర్రాలు

ఇవాళ ఆదివారమే అయినా ఐదున్నరకే లేచాం, ఎండ ముదరకముందే బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట వైపు చేరాలని. ఈసారి నాయన కూడా వచ్చాడు. పాపకు 13 ఏళ్లు, స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది, సొంత గుర్రం మాట ఇంట్లో ఆరు నెలలుగా నలుగుతోంది.

చూడాల్సినవి రెండు. ఒకటి రేసులు మానేసిన 4 ఏళ్ల ఆడగుర్రం, థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతి, నల్లగా నిగనిగలాడుతోంది, పాప దాన్ని చూడగానే మాట్లాడటం ఆపేసింది. రెండోది 12 ఏళ్ల గెల్డింగ్, అంటే విత్తులు తీసేసిన మగగుర్రం. గోధుమరంగు, కాస్త పొట్ట, మేం దగ్గరికెళ్తే మేత నములుతూ ఒకసారి చూసి మళ్లీ తన పని తను చూసుకుంది.

నాయనకు గుర్రాలు తెలియవు, ఎద్దులు తెలుసు. మా ఊళ్లో సంతకు వెళ్తే ముందు నోరు తెరిచి రెండు పళ్లా, నాలుగు పళ్లా, కడపళ్లు వేసిందా అని చూసేవాడు, ఆ తర్వాతే బేరం. ఇవాళ కూడా అదే అడిగాడు. పాపకు స్వారీ నేర్పే సార్‌ది హిందూపురం, ఆయన గెల్డింగ్ పెదవులు పైకెత్తి చూపించాడు. ఎద్దుకు పైన ముందుపళ్లు ఉండవు కదా, గుర్రానికి పైనా కిందా ఆరేసి. పాలపళ్లు రాలి కొత్తవి రావడం రెండున్నర ఏళ్లప్పుడు మొదలై, ఐదేళ్లకు నోరు నిండుతుంది. అంతవరకు లెక్క సులువే. ఆ తర్వాత అరుగుదలను బట్టి అంచనా వేయాల్సిందే. సుమారు పదేళ్లకు పైవరస ముందుపళ్లలో చివరి పంటి మీద, చిగురు దగ్గర సన్నని గోధుమరంగు గీత కనిపిస్తుంది, 15 ఏళ్లకు సగం పంటి దాకా దిగుతుంది, 20కి కొస వరకూ. ఈ గెల్డింగ్‌కు కాగితాలు లేవు, అందుకే ఆ గీతే సాక్ష్యం. చిగురు కింద కొద్దిగా దిగి ఉంది. అమ్మేవాళ్లు చెప్పిన వయసు అబద్ధం కాదనిపించింది.

పాప పట్టు మాత్రం నల్లదాని మీదే. "దీనితో పాటు నేనూ పెద్దవుతా కదమ్మా" అంది. ఆ మాటకు నా మనసు కరిగింది, నిజం. గుర్రం 25, 30 ఏళ్లు బతుకుతుంది, 4 ఏళ్లదైతే చాలాకాలం తోడుంటుంది అని నేనూ లెక్కలు వేసుకున్నా. కానీ సార్ చెప్పింది వేరు. ఈ గుర్రానికి తెలిసింది పరిగెత్తడమే, నెమ్మదిగా నడవడం, ఆగడం, కాలి సైగకు పక్కకు జరగడం అన్నీ ఇప్పటి నుంచి నేర్పాలి, వెన్నెముక ఎముకలు పూర్తిగా గట్టిపడటానికే ఐదున్నర, ఆరేళ్లు పడుతుంది, పాప కూడా ఇంకా నేర్చుకుంటోంది, ఇద్దరూ ఒకేసారి నేర్చుకుంటే భయపడేదీ ఇద్దరే, పడేది మాత్రం పాప. ఆడగుర్రమని కాదు, మంచి ఆడగుర్రాలు నా దగ్గరే ఉన్నాయి అన్నాడు. పగలు పొడుగ్గా ఉండే నెలల్లో దాదాపు 21 రోజులకోసారి ఎదకొస్తాయి, అప్పుడు కొన్నింటికి చిరాకు, కొన్నింటికి ఏ తేడా ఉండదు, దగ్గరుండి చూస్తే కానీ తెలియదు. మరి విత్తులు ఉన్న మగగుర్రమో అని నేనడిగితే, సార్ కంటే ముందు నాయనే "ఆబోతును పిల్ల చేతికిస్తామా అమ్మా" అన్నాడు.

కారులో పాప ముసలి గుర్రం, ముసలి గుర్రం అని గొణుగుతూనే ఉంది. అప్పుడు గుర్రపుస్వారీ పోటీల ఫవాద్ మీర్జా సంగతి గుర్తు చేశాను. మన బెంగళూరు అబ్బాయే, 2018 ఏషియన్ గేమ్స్‌లో రెండు రజతాలు తెచ్చిన సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీదే 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ చేశాడు, అప్పుడు ఆ గుర్రానికి 15 ఏళ్లు. పాప గదిలో వాళ్ల ఫొటో ఉంది. కాసేపు ఏమీ అనలేదు.

నాకు ఇంకా టెన్షన్‌గానే ఉంది. 12 ఏళ్లదాన్ని తెస్తే, పాప కాలేజీ అయ్యేసరికి దానికి 20 దాటుతుంది, కీళ్లు పట్టేస్తాయి, ఎవరూ కొనరు. స్వారీకి పనికిరాకపోయినా మేత, లాయం అద్దె, ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించడం ఆగవు. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి, తర్వాత ఎవరికో అంటగట్టే పని మాత్రం నేను చేయను. రాత్రి ఈయనతో అదే చెప్పాను, సరేనన్నారు. బుధవారం పశువైద్యుడు వచ్చి కాళ్లు, గుండె, కళ్లు చూస్తాడు, కుంటు లేకపోతే గెల్డింగే.

పడుకోబోయే ముందు పాప వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "ఆ పంటి గీత ఇప్పుడు ఎంత దిగిందో బుధవారం ఫొటో తీస్తావా? ప్రతి పుట్టినరోజుకీ చూస్తాను" అంది. దానిదా, నీదా అని అడిగా. "ఎప్పుడు పుట్టిందో తెలియదు కదా, నాదే దానికీ" అని వెళ్లిపోయింది.