లంబసింగిలో అతిథిగా కొన్నాళ్ళు: నా అనుభవం

లంబసింగి చూడాలనుకునేవారిలో చాలామంది శనివారం అర్ధరాత్రి విశాఖపట్నంలో కారెక్కి, తెల్లవారేసరికి మంచులో ఫొటోలు దిగి, మధ్యాహ్నం భోజనాల వేళకు కొండ దిగిపోతారు. నేను మాత్రం వారం మధ్యలో, ఆర్టీసీ బస్సులో వెళ్ళి, ఊళ్ళో ఒక గిరిజన కుటుంబం ఇంట్లోనే బస చేయాలని నిశ్చయించుకున్నాను. అందుకు చేసుకోవలసిన ఏర్పాట్లు పెద్దవేమీ కావు గాని, ఏది ముందు, ఏది తరువాత అన్నది తెలిసి ఉంటే ప్రయాణం చాలా తేలికవుతుంది.

మొదట చూసుకోవలసినది వాతావరణం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి ఆంధ్రా కశ్మీర్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు విని హిమపాతం చూడవచ్చని ఆశపడితే నిరాశ తప్పదు. ఇక్కడ కనిపించేది లోయలను నింపే దట్టమైన పొగమంచు, గడ్డి మీద ఒత్తుగా పరుచుకునే చెమ్మ, బాగా చలి ముదిరిన రోజుల్లో అక్కడక్కడా తెల్లగా గడ్డకట్టిన మంచు బిందువులు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లోనే నేలలోని వేడి త్వరగా పైకి పోయి, చల్లబడి బరువెక్కిన గాలి పల్లానికి జారుతుంది కనుక, మబ్బు పట్టిన రాత్రి ఇక్కడ చలి అంతగా ఉండదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నదని తెలిసి నేను ప్రయాణాన్ని వాయిదా వేసుకుని, ఆకాశం తెరిపి ఇచ్చిన తరువాతే బయలుదేరాను. నవంబరు చివరి నుంచి జనవరి వరకు అనుకూలమైన కాలమే అయినా, తుపానుల భయం తగ్గిన డిసెంబరు రెండో సగం నాకు మేలనిపించింది.

తరువాతిది బస. రోడ్డు పక్కన గుడారాలు చాలా ఉన్నాయి, అద్దె కూడా ఎక్కువ కాదు. అయితే వేకువజామున గుడారం బట్ట లోపలి వైపు కూడా తడిసి కారుతుంది కాబట్టి, పిల్లలు, పెద్దవారు వెంట ఉంటే గది తీసుకోవడమే మంచిది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ కాపాడుతున్నాయి. ఆ సవరణనే ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. నేనిచ్చే అద్దె ఎవరికి చేరుతుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో, ఆ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న మిత్రుడి ద్వారా ఒక ఇల్లు కుదుర్చుకున్నాను. గదికి, రెండు పూటల భోజనానికి ఎంత ఇవ్వాలో ముందే ఫోనులో మాట్లాడుకున్నాం. ఆ ఇంటి పెద్దావిడ బేరమాడకుండానే ధర చెప్పి, “రగ్గులు మా దగ్గర ఉన్నాయి బాబూ, చెవులకు మాత్రం నువ్వే తెచ్చుకో” అన్నారు. ఆ సలహా ఎంత విలువైనదో మొదటి రాత్రే తెలిసివచ్చింది.

రాత్రి రైల్లో తుని చేరి, అక్కడి నుంచి బస్సులో నర్సీపట్నం వెళ్ళాను. నగదు తీసుకోవడం, మందులు కొనుక్కోవడం వంటి పనులు నర్సీపట్నంలోనే ముగించుకోవాలి. పైన చింతపల్లిలో కూడా ఇవన్నీ దొరుకుతాయి గాని, లంబసింగి దాటి మరో 20 కిలోమీటర్లు పోవాలి. చింతపల్లి బస్సులన్నీ లంబసింగి మీదుగానే వెళ్తాయి. నర్సీపట్నం నుంచి లంబసింగికి దూరం 30 కిలోమీటర్ల పైచిలుకే అయినా, డౌనూరు దాటాక ఘాట్ మొదలై బస్సు నెమ్మదిస్తుంది. సాయంత్రం పొద్దు త్వరగా వాలిపోతుంది, మలుపుల్లో ఎదుటి వాహనం కనిపించదు కనుక, సొంత బండిలో వచ్చేవారు కూడా చీకటి పడకముందే ఘాట్ ఎక్కడం మంచిది.

ఈ దారిని నిద్రపోతూ దాటడం నాకు ఇష్టం లేకపోయింది. బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించింది ఈ కొండల్లోనే. ఆ ఆగ్రహం కూడా తోడై మన్యం తిరుగుబాటు రాజుకుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట ముట్టడించింది చింతపల్లి పోలీసు ఠాణానే. మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యాయి. పెద్ద మలుపుల దగ్గర బస్సు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే, ఈ వాలులో రాళ్ళు మోసినవారి శ్రమ ఎంతటిదో కొంతైనా ఊహకు అందింది.

మరునాడు తెల్లవారుజామునే చెరువులవేనం బయలుదేరాం. లంబసింగికి పైన ఉన్న ఈ చిన్న గిరిజన గూడెం నుంచి చూస్తే, కింది లోయ అంతా మబ్బుతో నిండి, కొండల శిఖరాలు మాత్రమే తేలుతూ కనిపిస్తాయి. దారి నిటారుగా ఉంటుంది. స్థానికుల జీపులో పోవచ్చు, ఓపిక ఉంటే నడవవచ్చు. మేము నడిచాం. టార్చిలైటు వెలుగు నాలుగడుగులు దాటి పోవడం లేదు, ముందు నడుస్తున్న కుర్రవాడి చెప్పుల చప్పుడే నాకు దారి చూపింది. వారం మధ్యలో వెళ్ళడం వల్ల కలిగిన లాభం పైన తెలిసింది: పట్టుమని పది మంది లేరు, స్పీకర్ల మోత లేదు. అయితే వారాంతపు గుంపులు వదిలిపోయిన కాగితపు పళ్ళేలు, సీసాలు మాత్రం అక్కడే ఉన్నాయి. వాటిని గూడెంలోని ఆడవాళ్ళు ఏరుతుండగా చూసి, సందర్శకుల తరఫున నాకే సిగ్గు వేసింది.

మంచు తొమ్మిది దాటాక విడిపోతుంది. అప్పటికి సందర్శకులు వెళ్ళిపోతారు, ఊళ్ళో అసలు పని మొదలవుతుంది. నేను బస చేసిన ఇంటివారు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండిస్తారు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. శీతాకాలం కాఫీ పండ్లు కోసే కాలం కావడంతో, వాకిట్లో టార్పాలిన్ మీద పండ్లు పలచగా పరిచి ఉన్నాయి. కొన్ని ఎర్రగా, కొన్ని నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి. పెద్దావిడ గంటకోసారి కాలితో వాటిని కలియబెడుతూ తిరిగారు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది కాబట్టి, ఎండ తగ్గగానే అన్నింటినీ కుప్ప చేసి కప్పేయాలి. మనం కొండ ఎక్కి మరీ చూడవచ్చే మంచు ఆవిడకు ప్రతి సాయంత్రం తరుముకొచ్చే పని అని ఆ వాకిట్లో కూర్చున్నప్పుడు గాని నాకు తట్టలేదు. పండ్లను తొక్క తీసి, కడిగి, గింజను ఎండబెట్టి అమ్మితే ధర మెరుగ్గా వస్తుందట, అందుకు నీళ్ళు, యంత్రం కావాలి.

తాజంగి జలాశయం దగ్గరే కావడంతో సాయంత్రం పూట ఆటోలో వెళ్ళివచ్చాం. పడవ షికారు ఉంది. నాకు మాత్రం గట్టు మీద నడవడమే బాగుంది. కొత్తపల్లి జలపాతం దూరం, జి.మాడుగుల మండలంలో ఉంది, పూర్తి పూట కేటాయించాలి. అంచెలంచెలుగా దూకే నీరు చలికాలంలోనూ ఉంటుంది. బండల మీద నాచు బాగా జారుతుంది కనుక, స్నానానికి దిగేవారు అక్కడి సిబ్బంది చూపిన చోటు దాటకూడదు.

తిరుగు ప్రయాణంలో తనిఖీ కేంద్రం దగ్గర పోలీసులు బస్సు ఆపి సంచులన్నీ విప్పించారు. గంజాయి రవాణాను అరికట్టడానికి ఈ దారుల్లో ఇది మామూలే, కాబట్టి రైలు అందుకోవలసినవారు కాస్త వ్యవధి ఉంచుకోవాలి. నేను ముందు బస్సుకే దిగినందువల్ల, నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేటకు వెళ్ళి అల్లూరి సీతారామరాజు, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధులు చూసి, రాత్రి రైలు వేళకు తుని చేరుకోగలిగాను.