పింఛను పైసలు, ఏటీఎం కార్డు, తమ్ముడి చెయ్యి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉన్నవాళ్ల పైసలు చూసుకునే ఇళ్లలో మొదటి తప్పు ఒకటే: కార్డు గుంజుకొని బీరువాలో దాచడం. అనుమానం అసలే జబ్బులో భాగం, దాచితే అది ఇంకా ముదురుతది.

రెండు ఖాతాలు పెట్టండి. పింఛను, అద్దె పడేది ఒకటి. దానికి ఏటీఎం, యూపీఐ వద్దు. రెండోది చేతిఖర్చుది. నెలకు 3,000 అనుకుంటే ఒకేసారి వేయొద్దు, సోమవారం 400, గురువారం 300 వేయండి. మేనియా (బైపోలార్‌లో అతి ఉత్సాహం, అదుపులేని ఖర్చు) వచ్చిన రాత్రి పోయేది ఆ 300లే. ఫిక్స్‌డ్ డిపాజిట్ జాయింటుగా ఉంటే ‘ఇద్దరి సంతకం’ అని రాయించండి. ‘ఎవరో ఒకరు’ అని ఉంటే గడువు తీరినప్పుడు ఒక్క సంతకంతో ఖాళీ అయితది. బంగారం లాకరులో ఉంచండి. కుదువ దుకాణం జబ్బు గురించి అడగదు.

నోటుబుక్కులో తేదీ, మొత్తం, ఎందుకు అన్నది రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. సిగరెట్ల లెక్క కూడా. దాని మీద గొడవ పడకండి.

తెలంగాణలో ఆసరా వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 అయింది. సదరం సర్టిఫికెట్‌కు (వైకల్య ధ్రువపత్రానికి) గడువుంటే మూడు నెలల ముందే కదలండి.

2017 మానసిక ఆరోగ్య చట్టం కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (జబ్బున్న మనిషి తరఫున ఉండే ప్రతినిధి) అయితే బ్యాంకులో కూడా చెల్లుతదని చాలామంది అనుకుంటరు. చెల్లదు, అది వైద్యానికే. నేషనల్ ట్రస్టు (ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాల కోసం ఉన్న కేంద్ర సంస్థ) గార్డియన్‌షిప్ కూడా మానసిక జబ్బు ఒక్కటే ఉంటే రాదు. భూమి అమ్మకం లాంటిదైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ (పరిమిత గార్డియన్‌షిప్) గురించి హనుమకొండ కోర్టులో వకీలును అడగండి.