అశోకవనంలో నీలం ఆకులు

మన బస్సులన్నీ ఇప్పుడు మాధవరంలోనే దింపేస్తున్నాయి. అక్కడి నుంచి టీ నగర్‌కి ఆటో 600 అన్నాడు. శ్రీకాళహస్తి నుంచి చెన్నైకి టికెట్టే అంత లేదు! ఒళ్లో నాన్నమ్మ కలంకారీ గుడ్డ లేకపోతే సిటీ బస్సెక్కేవాణ్ణి.

ముందు ఫ్రేములు కట్టే షాపుకి వెళ్లాను. సబ్బునీళ్లతో శుభ్రం చేసి, గమ్ముతో ప్లైవుడ్‌కి అతికించి అద్దం వేస్తామన్నారు, 4,500. అడ్వాన్సు ఇవ్వబోతుంటే మా అన్నయ్య ఆపి, వాళ్ల వీధిలో ఉండే ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాడు. నెల్లూరు వాళ్లు. పాత బట్టల మీది బొమ్మల్ని కాపాడే పనిలోనే ఉద్యోగమంతా గడిచిందట.

ఆవిడ ముందు గాజులు, ఉంగరం తీసేశారు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి గుడ్డ విప్పారు. అశోకవనంలో సీతమ్మ. కనుబొమ్మలు, జడ, కొమ్మలు సన్నగా చిరిగి ఉన్నాయి. ఎలుకల పనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఎలుకలైతే నల్లగీత చూసి కొరకవు బాబూ," అని భూతద్దం ఇచ్చారు. నిజమే, చిరుగులన్నీ నలుపు మీదే. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవం, గుడ్డకు ముందే పట్టించిన కరక్కాయతో కలిసి ఆ నలుపవుతుంది. అదే ఇనుము, చెమ్మ తగిలే కొద్దీ ఏళ్ల తరబడి నూలును తినేస్తుంది. నీళ్లలో ముంచి ఉంటే గీతల వెంబడి ఊడి వచ్చేదన్నారు. నాకు చెమటలు పట్టాయి.

తర్వాత చెప్పింది విని అసలు మాట రాలేదు. ఆ వనంలో ఆకులు నీలంగా ఉంటాయి. రాక్షసుల తోట కాబట్టి అలా వేశారని నాన్నమ్మ చెప్పేది, మేమూ నమ్మాం. ఆకుపచ్చ కోసం నీలిమందు మీద కరక్కాయ పూల పసుపు వేస్తారట. వెలుతురుకు పసుపు ముందు పోతుంది, నీలం మిగులుతుంది. ముప్పై ఏళ్లు కిటికీ ఎదురుగా వేలాడదీసింది మేమే.

పోయిన పసుపు మళ్లీ వేయించొచ్చా అని అడిగాను. వద్దన్నారు. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడమే పని. చిరుగుల కింద పలచటి గుడ్డ ఆనించి సన్నటి దారంతో పట్టిస్తారట, జిగురు ముట్టరు. అంతవరకూ మడత పెట్టకూడదు. లావుపాటి అట్ట గొట్టానికి గుడ్డ చుట్టి, దాని మీద బొమ్మ బయటికి ఉండేలా చుట్టాలి. ప్లాస్టిక్ కవరు అసలే వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నేను తెచ్చింది ప్లాస్టిక్ కవర్లోనే.

మెరీనా, షాపింగ్ అన్నీ మానేసి సాయంత్రం బస్సుకే బయల్దేరాను. మాధవరం నుంచి నాన్నకి ఫోన్ చేశాను.

"మీ పాత పంచెలు రెండు ఉతికించి ఉంచండి నాన్నా. గంజి పెట్టొద్దు, పురుగు పడుతుంది."

"దేనికిరా?"

"సీతమ్మకి."