అమ్మ చీర మీద తడి

అమ్మకి హెర్నియా ఆపరేషన్ అయి నేటికి పద్నాలుగు నెలలు. పాత గర్భసంచి ఆపరేషన్ కుట్టు దగ్గర పొట్ట ఉబ్బితే మెష్ వేశారు. పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన వల అది. చుట్టూ ఉన్న కణజాలం దాని సందుల్లోకి పెరిగి గట్టిపడుతుంది.

మూడో వారంలో కుట్టు కింద నీరు చేరింది. సీరోమా అన్నారు. చాలామందికి దానంతటదే తగ్గుతుందట, అమ్మకీ తగ్గింది.

ఏడో నెలలో ఒక పొద్దున అమ్మ కుచ్చిళ్ల పైన రూపాయి బిళ్లంత తడి. జ్వరం లేదు. "చెమటేలేరా" అంది. వాసన చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మెష్‌కి ఇన్ఫెక్షన్. బ్యాక్టీరియా ఆ దారాల మీద పొరలా పట్టేస్తే మందులు సరిగా పనిచేయవు. మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాక చివరికి తీసేశారు. ట్రేలో చూపించారు, అరచేయంత, ముడతలు పడి.

అమ్మకి షుగర్ ఉంది. షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువని ముందే ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. మెష్ వేస్తే హెర్నియా తిరగబెట్టడం తగ్గుతుంది, కాబట్టి వద్దని అనను. కానీ ఏ మెష్ వేశారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. మాది తెలుసుకోవడానికే వారం పట్టింది.

నిన్న సాయంత్రం అమ్మ బెల్టు పెట్టుకుని తులసికోట దాకా తనే నడిచింది.