ఓతేమాచికి ఒక స్టేషన్ అవతల

టోక్యోకి ఉద్యోగానికొచ్చిన మనవాళ్ళు మొదట మంచి కెమెరా కొంటారు. సెలవుల్లో ఇంటికెళ్ళేటప్పుడు సూట్‌కేసు నిండా చాక్లెట్లు కొంటారు. కాస్త కుదురుకున్నాక హైదరాబాదులో ఫ్లాటు కొంటారు. నేను చనిపోయిన ప్రొఫెసర్ల పుస్తకాలు కొంటుంటాను. చైనా పల్లెల్లో కౌలు పద్ధతులు, కొరియాలో భూమి సర్వే, మంచూరియా రైల్వే నివేదికలు, ఇలాంటివి. నిషి-కసాయ్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఒక గదికి గోడ కనిపించడం మానేసి చాలా కాలమైంది. "ఏమండీ, మనం వెనక్కి వెళ్ళేటప్పుడు వీటిక్కూడా వీసా తియ్యాలా?" అని అడుగుతుంటుంది మా ఆవిడ.

వీసా మాట ఆవిడ ఊరికే ఎత్తదు. ఓతేమాచిలో ఒక బ్యాంకు ప్రాజెక్టులో నేను బ్రిడ్జ్ ఇంజనీర్ని. అంటే జపాన్ క్లయింటు చెప్పింది హైదరాబాద్ టీముకీ, టీము చెప్పింది క్లయింటుకీ చేరవేసి, ఇద్దరి చేతా మాటలు పడేవాణ్ణి. కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. వీసా మూడేళ్ళకిస్తారో ఏడాదికే ఇస్తారో అని ప్రతిసారీ టెన్షనే. ఇలాంటి బతుకులో కిలోల కొద్దీ పాత కాగితం పోగెయ్యడం తెలివైన పని కాదని చాలామంది చెప్పారు. నిజమే.

కానీ ఓతేమాచిలో హన్‌జోమోన్ లైను ఎక్కితే తర్వాతి స్టేషనే జింబోచో. పాత పుస్తకాల దుకాణాలు 100కి పైగా ఉన్న పేట అది. 1870లు, 80లలో ఆ చుట్టుపక్కల లా కాలేజీలు వరసగా వెలిశాయి. ఇవాళ్టి మేయిజీ, చువో, నిహోన్, సెన్షూ విశ్వవిద్యాలయాలకి మూలాలు అవే. విద్యార్థులు కొనేవీ, చదువయ్యాక అమ్ముకునేవీ కలిసి ఈ వ్యాపారం పెరిగింది. 1923 భూకంపం వెంట వచ్చిన మంటల్లో పేట కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. యాసుకుని వీధిలో దుకాణాలు ఎక్కువగా దక్షిణం పక్కన, ఉత్తరం ముఖంగా ఉంటాయి. పుస్తకాల మీద ఎండ పడకూడదని. మన వాస్తు సిద్ధాంతులు చూసినా తప్పు పట్టరు.

ఉద్యోగస్తుడికి ఇక్కడ డబ్బు కన్నా పెద్ద చిక్కు టైము. చాలా దుకాణాలు సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా షట్టర్లు దించేస్తాయి. ఆ వేళకి నేను మీటింగులో ఉంటాను. ఆదివారం చాలామంది తెరవరు. ఇక మిగిలేవి శనివారం, లంచ్ బ్రేకు. లంచ్ బ్రేకులో తిండో పుస్తకమో, ఏదో ఒకటే. ఈ పేట కర్రీ హోటళ్ళకి కూడా ప్రసిద్ధి. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని రెండో చేత్తో తినొచ్చు కాబట్టే అవి ఇక్కడ నిలదొక్కుకున్నాయని అంటారు. ఆ కర్రీకీ మన కూరకీ చుట్టరికం కలపకండి.

ఉద్యోగం మీద పరాయి దేశం వచ్చి, అక్కడి పుస్తకాల్లో పడినవాళ్ళ కథలు చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. తూర్పు ఆసియా పుస్తకాలు ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి మారిన దారిలో చూస్తే, మహా పండితులతో పాటు పోస్టింగు మీద వచ్చిన ఉద్యోగులూ అడుగడుగునా తగులుతారు.

యాంగ్ షౌజింగ్‌నే తీసుకోండి. 1880లో టోక్యోలోని చైనా రాయబార కార్యాలయంలో పనికి వచ్చాడు. జపనీస్ రాదు. కుంచెతో చైనీస్ అక్షరాలు రాసి చూపిస్తూ మాట్లాడేవాడు. జపాన్ అప్పుడు పడమటి చదువుల వైపు పరుగెడుతోంది. తరతరాలుగా దాచిన చైనీస్ గ్రంథాలని అడిగేవాడు లేక కారుచౌకగా అమ్మేస్తున్నారు. వాటిలో చైనాలోనే ఎప్పుడో మాయమైనవి కూడా ఉన్నాయి. యాంగ్ దగ్గర డబ్బు పెద్దగా లేదు కానీ, తనతో తెచ్చుకున్న రాతి శాసనాల నకళ్ళున్నాయి. వాటి మీద ఇక్కడివాళ్ళకి మోజు. అవి ఇచ్చి పుస్తకాలు తీసుకున్నాడు. మోరి రిష్షి అనే వృద్ధ వైద్యుడు, పాత ప్రతుల గుట్టు తెలిసినవాడు, అతనికి దారి చూపించాడు. వాళ్ళిద్దరూ కాగితం మీద చేసుకున్న సంభాషణలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 1884లో యాంగ్, రాయబారి లీ షూచాంగ్ కలిసి అలా దొరికిన 26 గ్రంథాలని టోక్యోలోనే అచ్చు వేయించారు. యాంగ్ సేకరణలో కొంత భాగం ఇప్పుడు తైపేలోని ప్యాలెస్ మ్యూజియంలో ఉంది.

ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే ప్రవాహం ఎదురు తిరిగింది. 1907లో లూ షిన్‌యువాన్ అనే చైనా సేకర్త లైబ్రరీని అతని వారసులు మిత్సుబిషి ఇవాసాకి కుటుంబానికి అమ్మేశారు. టోక్యోలో అది వాళ్ళ సేకాదో గ్రంథాలయంలో చేరింది. చైనా పండితులు లబోదిబోమన్నారు. 1917లో అదే కుటుంబానికి చెందిన ఇవాసాకి హిసాయా, లండన్ టైమ్స్‌కి పెకింగ్ విలేకరిగా పనిచేసిన ఆస్ట్రేలియా మనిషి మోరిసన్ సేకరణని 35,000 పౌండ్లకి కొన్నాడు. చైనా గురించి యూరప్ భాషల్లో వచ్చిన పుస్తకాలు సుమారు 24,000. అవి టోక్యోకి చేరిన ఏడాదే తుఫాను వరద గోదాములో దూరి చాలా పుస్తకాలు తడిశాయి. వాటిని ఆరబెట్టి, బాగుచేసి, 1924లో తోయో బుంకో పెట్టారు. తూర్పు దేశాల చరిత్ర చదివేవాళ్ళు దాని మెట్లెక్కకుండా ఉండరు. ఇంతకీ మోరిసన్‌కి చైనీస్ అంతగా రాదు. ఈ ముక్క తెలిసిన రోజు నా జపనీస్ గురించి బెంగ సగం తీరింది.

ఉచియామా కాన్‌జో కథ ఇంకా బాగుంటుంది. 1913లో కంటి చుక్కల మందు అమ్మడానికి జపాన్ నుంచి షాంఘై వెళ్ళిన సేల్స్‌మన్. 1917లో భార్యతో కలిసి అక్కడే చిన్న పుస్తకాల దుకాణం పెట్టాడు. తర్వాతి రోజుల్లో చైనా రచయిత లూ షున్ కూర్చుని కబుర్లు చెప్పింది, పోలీసుల భయం వచ్చినప్పుడు తలదాచుకున్నది ఆయన దగ్గరే. 1935లో టోక్యోలో మొదలైన శాఖ ఇప్పుడు జింబోచోలోనే ఉంది. చైనా పుస్తకాలు కావాలంటే నేను మొదట అక్కడికే వెళ్తాను.

నా సేకరణ వీళ్ళ ముందు ఎంత! పైగా నాది అరుదైన ప్రతుల పిచ్చి కూడా కాదు. గాజు బీరువాలో తాళం వేసి పెట్టే పుస్తకాల మీద నాకు ఆశ లేదు. షువాన్‌జాంగ్, అదే మన హ్యుయాన్‌త్సాంగ్, యాత్రల మీద వాటర్స్ రాసిన రెండు సంపుటాలు 1904–05లో లండన్‌లో వచ్చాయి. ఆంధ్ర దేశం, ధాన్యకటకం అందులో ఉన్నాయి. ఇక్కడి భాష మధ్యదేశం భాష కన్నా వేరు, లిపి మాత్రం దాదాపు అదే అని ఆ యాత్రికుడు ఏడో శతాబ్దంలోనే గమనించాడు. ఆ మొదటి ముద్రణ ధర చూసి దండం పెట్టి, ఢిల్లీ పునర్ముద్రణ తెప్పించుకున్నాను. లోపల అక్షరం తేడా లేదు.

నేను వెతికేవి ఎవరూ ముద్దు చెయ్యని నివేదికలు. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఉత్తర చైనా పల్లెల ఆచారాల సర్వే. ఆరు లావు సంపుటాలు, 1952 నుంచి 58 దాకా ఇవానామి సంస్థ అచ్చు వేసింది. 1940 నుంచి, ఈశాన్య చైనాలో జపాన్ నడిపిన మంచూరియా రైల్వే కంపెనీ పరిశోధకులు పల్లెలకి వెళ్ళి రైతుల్ని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు, వాళ్ళిచ్చిన జవాబులు అందులో ఉన్నదున్నట్టు ఉంటాయి. రైల్వే కంపెనీకి పల్లెలతో ఏం పని అంటారా? అది పేరుకే రైల్వే. 1906లో పుట్టింది, మరుసటి ఏడే పరిశోధన శాఖ పెట్టుకుంది. గనులు, ఓడరేవులు, పంటలు, పన్నులు, అన్నిటి మీదా నివేదికలు రాయించింది. జపాన్ సామ్రాజ్యానికి కళ్ళూ చెవులూ అదే. యుద్ధం ఓడిపోయాక టోక్యో శాఖలోని పుస్తకాల్ని అమెరికన్లు పట్టుకుపోయారు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

కాబట్టి ఆ సర్వేని గుడ్డిగా నమ్మలేం. ఊరు జపాన్ ఆక్రమణలో ఉండగా, పరాయి దేశంవాడు దుభాషీని పెట్టుకుని "నీకెంత పొలముంది, పన్నెంత కడతావు" అని అడిగితే రైతు ఏం చెబుతాడు? 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ని మనం ఎలా చదువుతామో దీన్నీ అలాగే చదవాలి. ఎవరు రాయించారో మర్చిపోకూడదు, అలాగని అవతల పారెయ్యకూడదు. అస్సాంలో పుట్టిన చరిత్రకారుడు ప్రసేన్‌జిత్ దువారా ఈ సంపుటాలు ఆధారంగానే 1988లో ఉత్తర చైనా గ్రామాల మీద పుస్తకం తెచ్చాడు. పై నుంచి పన్నుల ఒత్తిడి పెరిగేకొద్దీ ఊళ్ళో మర్యాదస్తులైన పెద్దలు పక్కకి తప్పుకున్నారని, వాళ్ళ చోట్లో దండుకునే రకాలు దిగారని అందులో చూపిస్తాడు. ఏ ఊరి కథ ఇది అనిపించింది చదువుతుంటే.

మాది రేపల్లె వైపు, కాలవ కింద పొలాలు. ఆ సంపుటాల్లో అన్నదమ్ముల వాటాలు, మధ్యవర్తుల సమక్షంలో రాసుకునే కాగితాలు, చీట్లు వేసి భాగాలు పంచుకోవడం వరసగా వస్తుంటే ఒకరోజు నాన్నకి ఫోన్లో చెప్పాను.

"పొలం అమ్మాలంటే ముందు దాయాదుల్ని, పక్క పొలం వాళ్ళని అడగాలట నాన్నా. వాళ్ళు వద్దంటేనే బయటివాళ్ళకి."

"మరి మనకి కాదేంట్రా? గట్టు పక్కవాణ్ణి అడక్కుండా అమ్మి, రేపు ఆ కాలవ దగ్గర వాడి మొహం ఎట్టా చూస్తాం?" అని, కాసేపాగి, "ఇంతకీ ఎంతెట్టి కొన్నావు?" అన్నాడు. నెల సరుకుల ఖర్చంత అయిందని చెప్పలేదు. "పాతవే నాన్నా, చవగ్గా వచ్చాయి" అన్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. జపాన్ పుస్తకాన్ని చివరి నుంచి తెరవండి. ముద్రణ వివరాలన్నీ అక్కడే ఉంటాయి. ఏడాదిని చక్రవర్తి పాలన పేరుతో లెక్కిస్తారు. షోవా 27 అని ఉంటే 1925 కలుపుకోండి, 1952. పాత పుస్తకాల్లో ఆ పేజీ మీద చిన్న కాగితం ముక్క, దాని మీద రచయిత ఎర్రటి ముద్ర ఉంటాయి. ఎన్ని ప్రతులు వేశారో రాయల్టీ లెక్క తప్పకుండా రచయితే వేసిచ్చేవాడన్నమాట. చాలాసార్లు ధర కూడా వెనకాలే పెన్సిల్‌తో రాసి ఉంటుంది. మొదటి పేజీలో ఇంకో ముద్ర కనిపిస్తే అది యజమానిది. ఆ ముద్రున్న పుస్తకాలు ఒకే దుకాణంలో ఒకేసారి నాలుగైదు కనబడ్డాయంటే ఎవరో మాస్టారు పోయారు, లేదా చిన్న ఇంటికి మారారు. పిల్లలు లైబ్రరీ అమ్మేశారు. మిగతావి పక్క దుకాణాల్లోనో, వచ్చే నెలలోనో బయటికొస్తాయి. మార్జిన్లలో ఆయన పెన్సిల్ గీతలుంటే దుకాణంవాడు ధర తగ్గిస్తాడు. నాకు రెండు లాభాలు. పాత లిపిలో అర్థం కానిచోట ఆ గీతలే నాకు ట్యూషన్.

పాత పుస్తకాల వ్యాపారుల సంఘానికి దగ్గర్లోనే సొంత భవనం ఉంది. పై అంతస్తుల్లో వ్యాపారుల వేలం. కట్టకి తగిలించిన కవర్లో ఎంతిస్తారో చీటీ రాసి వేస్తారు. మనల్ని రానివ్వరు. కింద హాల్లో మాత్రం ఎక్కువగా శుక్ర, శనివారాల్లో అందరికీ అమ్మకం. బ్యాగులు బయట అప్పజెప్పి లోపలికెళ్ళాలి. తలుపు తియ్యకముందే రిటైరైన పెద్దాయనలు లైనులో ఉంటారు. రైల్లో చెయ్యి తగిలితేనే క్షమాపణ చెప్పే మనుషులు అక్కడ మోచేతుల్తో తోసుకుంటారు.

ఈసారి అమ్మకం క్యాటలాగులో మంచూరియా రైల్వే నివేదికల కట్ట ఒకటుంది. ఒకరికి మించి అడిగితే లాటరీ తీస్తారు. ఫ్యాక్స్ పంపాను. అది రాకపోయినా అల్మారాల్లో ఏముంటాయో చూడాలి కదా, శుక్రవారం పొద్దున హాఫ్ డే లీవ్ పెట్టి, కారణం దగ్గర 'సొంత పని' అని రాశాను. మేనేజరు గారు ఇంకా అప్రూవ్ చెయ్యలేదు. ఆ రోజు ప్రొడక్షన్ రిలీజట, హైదరాబాద్ టీముతో మాట్లాడి చెబుతానన్నారు. హైదరాబాద్ టీముతో మాట్లాడేది నేనే.